పొరల మధ్య గాలి

నైరుతి రుతుపవనాలు రాయలసీమకు తెచ్చేది వానకన్నా గాలే ఎక్కువ. పడమటి కనుమల మీద నీళ్లన్నీ కుమ్మరించేసి వచ్చిన మబ్బులు కర్నూలు, కడప, అనంతపురం మీదుగా తేలిపోతుంటాయి. వేరుశనగ విత్తిన రైతు ఆకాశం వంక చూస్తే కంట్లో దుమ్ము పడుతుంది. చినుకు మాత్రం పడదు. ఆ గాలిని కరెంటుగా మార్చే పని 1990ల్లో రామగిరి గుట్టల మీద మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరల సామర్థ్యం 4 వేల మెగావాట్లు దాటింది. అందులో చాలా భాగం సీమ జిల్లాల్లోనే ఉంది. ఆలూరు, ఆస్పరి వైపు వెళ్తే చేల మధ్య మరలు, మరల మధ్య చేలు.

ఆ మర రెక్క దేనితో చేస్తారని అడిగితే ఇనుమనో అల్యూమినియమనో చెప్పేవాళ్లే ఎక్కువ. అసలు సంగతేమిటంటే అది బట్ట. గాజు దారాలను బట్టలా కుట్టి, పొర మీద పొర పరిచి, ఎపాక్సీ రెజిన్ పట్టించి గట్టిపరిచిన వస్తువు. మధ్యలో బరువు తగ్గించడానికి ఫోమో, ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా చెక్కో పెడతారు. ఇలా రెండు మూడు పదార్థాలను పొరలుగా కలిపి చేసిన వాటిని కాంపోజిట్ లామినేట్లంటారు. తేజస్ యుద్ధవిమానం కట్టడంలో బరువు ప్రకారం 45 శాతం ఇవే. మన వీధిలో ఫైబర్ తలుపు, నీళ్ల ట్యాంకు మీద మూత, గుడి ఉత్సవాలకు చేసే ఫైబర్ బొమ్మ కూడా ఈ కుటుంబానివే, కాకపోతే పేద చుట్టాలు.

రెక్క మీద పడే పని చూడండి. గాలిమరలు తయారుచేసే సుజ్లాన్ సంస్థ మోడళ్ల పేరులో ఉండే అంకె, రెక్కలు తిరిగే వృత్తపు వ్యాసం. ఎస్-111 అంటే 111 మీటర్లు, అంటే ఒక్కో రెక్క 50 మీటర్లకు పైమాటే. అది నిమిషానికి 14 చుట్లు తిరిగితే రెక్క కొస గంటకు 290 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెక్క పైనుంచి కిందికి దిగే ప్రతిసారీ దాని సొంత బరువు ఒక అంచును లాగుతుంది, మరో అంచును నొక్కుతుంది. సగం చుట్టు తిరిగేసరికి ఆ రెండూ తారుమారు. దానికి తోడు గాలి వెనక్కి వంచుతుంటే ముందు వైపు సాగుతూ, వెనక వైపు నలుగుతూ ఉంటాయి. 20 ఏళ్ల ఆయుష్షుకు లెక్క కడితే, గాలి పడిపోయిన రోజులు తీసేసినా 10 కోట్ల చుట్ల దరిదాపుకు వస్తుంది.

ఇంత పని చేసే వస్తువు బలం ఎక్కడ తేలుతుంది? స్టీలు సంగతైతే తేలిక. ప్లేటు మిల్లులోనే బలం కొలిచి, సర్టిఫికెట్ కట్టి పంపుతారు. కొన్నవాడు దాన్ని కోసి, వంచి, వెల్డింగ్ చేసుకుంటాడు. కాంపోజిట్‌లో అలా కొనుక్కోవడానికి పదార్థమే ఉండదు. గాజు బట్ట చుట్ట ఒక ఊరి నుంచి వస్తుంది, రెజిన్ డ్రమ్ములు ఇంకో ఊరి నుంచి. విడివిడిగా ఒకటి మడతలు పడే గుడ్డ, రెండోది జారిపోయే ద్రవం. ఇవి కలిసి గట్టిపడే ఆ కొన్ని గంటల్లోనే పదార్థమూ తయారవుతుంది, రెక్కా తయారవుతుంది. ఆ రోజు షెడ్డులో ఎంత వేడి, గాలిలో ఎంత తేమ, పంపు లోపలి గాలిని ఎంత బాగా లాగింది, బట్ట పరిచిన మనిషి చెయ్యి ఎక్కడ జారింది, ఇవన్నీ రెక్క లోపలికి పోయి కూర్చుంటాయి. తర్వాత తీయడం కుదరదు.

పొరల వస్తువు ఎక్కడ బలమైనదో, ఎక్కడ బలహీనమో కర్నూలు, కడప వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాప గనులు చూసిన కళ్లే కదా. ఒకప్పటి సముద్రం అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి అది. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. పరిచిన నాపబండ మీద ఎద్దులబండి పోయినా ఏమీ కాదు. పక్క నుంచి, పొరకూ పొరకూ మధ్య ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే మాత్రం పలకగా లేచి వస్తుంది. రెక్క కూడా అంతే. గాజు పోగు లాగుడుకు 3,000 మెగాపాస్కల్స్ పైన తట్టుకుంటుంది. ఎపాక్సీ 60, 80 దగ్గరే చేతులెత్తేస్తుంది. పొరల మధ్య పోగులుండవు, ఉన్నదల్లా ఆ ఎపాక్సీయే. దానిలో ఇంత బుడగ చేరినా ఉలి పెట్టడానికి సందు దొరికినట్టే.

బుడగ ఎలా చేరుతుందో చూడాలంటే పోత పోసే షెడ్డులోకి వెళ్లాలి. సుజ్లాన్‌కు అనంతపురం జిల్లాలోనే బ్లేడ్ల కర్మాగారం ఉంది. ఏ సంస్థదైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. రెక్కంత పొడవున్న మోల్డులో పొడి బట్ట పరుస్తారు. పైన రెజిన్ పారడానికి జాలీ, దానిపైన పలచని ప్లాస్టిక్ షీటు, చుట్టూ జిగురు టేపు. పంపు వేసి లోపలి గాలంతా లాగేస్తారు. షీటు బట్ట మీద బిగుసుకుని, చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువు పెట్టినట్టు నొక్కుతుంది. ఆ బరువు ఎవరూ మోసుకొచ్చింది కాదు, మన నెత్తిన ఎప్పుడూ ఉండే వాతావరణానిదే. అనంతపురం సముద్రమట్టానికి 330 మీటర్లకు పైన ఉంది కనుక అక్కడ ఈ ఒత్తిడి మూడు నాలుగు శాతం తక్కువ. ఆ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది లీకు. అందుకే రెజిన్ వదిలే ముందు పంపు ఆపి, గేజీలో ముల్లు కదులుతుందా అని కాసేపు చూస్తారు. టేపు కింద ఒక్క దారప్పోగు అడ్డుపడినా చాలు, అక్కడి నుంచి గాలి సన్నగా లోపలికి దిగుతుంది. తర్వాత రెజిన్‌తో పాటు ప్రయాణం చేసి ఎక్కడో బుడగల వరుసగా నిలిచిపోతుంది.

రెజిన్ వదిలాక జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. తెల్లటి గుడ్డ తడిసినకొద్దీ మాయమవుతుంది. గాజుకూ ఎపాక్సీకీ వెలుగును వంచే గుణం దాదాపు సమానం, రెండింటికీ 1.55 దగ్గర. కాబట్టి తడిసిన చోట వెలుగు చెదరకుండా దూసుకుపోతుంది, పది పొరల కింద ఉన్న మోల్డు కూడా లీలగా కనిపిస్తుంది. తడవని చోటు తెల్లగానే మిగులుతుంది. ఆ తెల్ల మచ్చను అక్కడివాళ్లు డ్రై స్పాట్ అంటారు. అది దొరికిన తప్పు, కళ్లెదుటే ఉంది. దొరకనిది వేరే ఉంది. గాజు బట్టలో రెండు రకాల సందులుంటాయి. వేల పోగులు కలిసిన కట్ట లోపలి సన్న సందులు ఒక రకం, కట్టకూ కట్టకూ మధ్య వెడల్పు దారులు ఇంకో రకం. రెజిన్ వేగంగా పారితే వెడల్పు దారుల్లో ముందుకు దూకి, కట్టల లోపల గాలిని బంధిస్తుంది. మరీ నెమ్మదిగా పారితే సన్న సందులే దాన్ని పీల్చుకుని ముందుకు లాగుతాయి, ఈసారి బుడగ కట్టల మధ్య చిక్కుతుంది. రెండింటికీ మధ్య ఒక వేగం ఉంది, బుడగలు అతి తక్కువగా మిగిలేది అక్కడే. దాన్ని పట్టుకోవడమే షెడ్డువాళ్ల పనితనం.

ఆ వేగాన్ని తారుమారు చేసేది వేడి. రెజిన్, హార్డెనర్ కలిపిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. 25 డిగ్రీల గదిలో రెండు గంటలు పారే మిశ్రమం 35 దగ్గర గంటకే చిక్కబడుతుంది, 45కు చేరితే అరగంటే. మే నెలలో కర్నూలు ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో చేత్తో పనిచేసే ఫైబర్ షాపుల్లో ఈ సంగతి అనుభవం మీద తెలుసు. అక్కడ వాడేది పాలియెస్టర్ రెజిన్, దానికి కలిపే క్యాటలిస్టు ఎండాకాలం తగ్గిస్తారు, చలికాలం కాస్త పెంచుతారు. కలిపిన మగ్గు మరిచిపోయి టీ తాగొస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రెజిన్ గట్టిపడుతూ తనే వేడి పుట్టిస్తుంది, మగ్గులో ఆ వేడికి పోయే దారి లేదు, కాసేపట్లో మగ్గు పొగలు కక్కి, లోపలి ముద్ద పగుళ్లిస్తుంది.

పలచటి రేకుగా పరిచినప్పుడు ఈ ప్రమాదం లేదు. రెక్క మొదలు మాత్రం, టవరు పైన హబ్బుకు బోల్టులతో బిగించే చోట, చాలా మందంగా ఉంటుంది. అక్కడ మగ్గు కథే మళ్లీ జరగవచ్చు. నడిమి పొరలు ముందు కాగి గట్టిపడతాయి, పై పొరలు వెనకబడతాయి. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కొన్ని శాతం కుంచించుకుంటుంది. చల్లారేటప్పుడు అది గాజుకన్నా పది రెట్లు ఎక్కువగా ముడుచుకుంటుంది. పోగు ముడుచుకోనంటుంది, రెజిన్ ముడుచుకుంటానంటుంది. ఎవరూ బయటి నుంచి ఒక్క కిలో బరువు పెట్టకుండానే రెక్క లోపల ఈ పెనుగులాట మొదలై, రెక్క బతికినంత కాలం సాగుతుంది. అందుకే మంచి కర్మాగారాల్లో మోల్డును గంటగంటకూ మెట్లుమెట్లుగా వేడెక్కించి, మెల్లగా దించుతారు. తొందరపడి ఒక షిఫ్టు మిగిల్చుకుంటే దాని ఖరీదు పదేళ్ల తర్వాత తెలుస్తుంది. గట్టిపడటం సగంలో ఆపినా చిక్కే. పూర్తిగా కాగిన ఎపాక్సీ 70, 80 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. అరకొరగా కాగినది అంతకన్నా ముందే మెత్తబడుతుంది. సీమ ఎండలో నిలబడే రెక్కకు తెల్లరంగు పూయడం అందం కోసమే అనుకోకండి.

తేమ విషయంలో మాత్రం సీమకు కలిసొచ్చింది. కోస్తా ఉక్కపోత ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు ఉండదు. తేమంటే ఎందుకింత భయమంటే, పంపు లాగిన తర్వాత మోల్డులో ఒత్తిడి 40 మిల్లీబార్లకు దిగిందనుకుందాం. ఆ ఒత్తిడిలో నీరు 29 డిగ్రీలకే మరుగుతుంది. బట్టలోనో బాల్సా చెక్కలోనో దాగిన చెమ్మ ఆవిరై బుడగలుగా లేస్తుంది, లీకు లేకపోయినా. గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీ హార్డెనర్‌లోని అమైన్లు దానితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి పైన జిడ్డు పొర కడతాయి. తుడవకుండా దాని మీద ఇంకో పొర అతికిస్తే ఆ అతుకు నమ్మదగ్గది కాదు.

బుడగల వల్ల ఎంత బలం పోతుందో కొలవవచ్చు. చిన్న ముక్క కోసి తూచి, 565 డిగ్రీల కొలిమిలో పెడతారు. రెజిన్ కాలిపోతుంది, గాజు మిగులుతుంది. గాజు ఎంత, రెజిన్ ఎంత అన్నది తేలాక, అవి రెండూ కలిస్తే ఉండాల్సిన సాంద్రతను అసలు ముక్క సాంద్రతతో పోలిస్తే, తరుగు ఎంతో అంత గాలి. బుడగల మీద అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ 1978లో జడ్, రైట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సమీక్షించి ఒక లెక్క తేల్చారు. పొరల మధ్య కోత బలం, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోకుండా ఆపే బలం, బుడగలు ఒక శాతం పెరిగినప్పుడల్లా సుమారు 7 శాతం తగ్గుతుంది, కనీసం 4 శాతం బుడగల వరకు ఈ లెక్క నడుస్తుంది. విమానాల వాళ్లు ఒకటి, రెండు శాతం దాటితే ముక్కను పక్కన పడేయడం అందుకే. రెజిన్ ముందే పట్టించిన కార్బన్ బట్టను మైనస్ 18 డిగ్రీల్లో దాచి, ఆటోక్లేవ్ అనే ప్రెజర్ కొలిమిలో ఏడెనిమిది వాతావరణాల ఒత్తిడి పెట్టి కాలుస్తారు. బుడగ ఆ ఒత్తిడికి నలిగి రెజిన్‌లో కలిసిపోతుంది. 50 మీటర్ల రెక్క పట్టే ఆటోక్లేవ్ కడితే యూనిట్ కరెంటు ధర ఎవరూ భరించలేరు, కాబట్టి గాలిమరల వాళ్లు పంపుతోనే నెట్టుకురావాలి.

బుడగల లెక్క మన జిల్లాల ప్రయోగశాలల్లోనూ జరిగింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎ. వరదరాజులు, ఆయన సహచరులు వెదురు పోగులు, ఎపాక్సీ కలిపిన ముక్కల్లో బుడగల శాతం, సాంద్రత, బరువు తగ్గింపు కొలిచి ప్రచురించారు. తూర్పు కనుమల్లో అరుదుగా పెరిగే హిల్డెగార్డియా పాపులిఫోలియా చెట్టు నారతోనూ వాళ్లు పనిచేశారు. ఆ చెట్టు కొమ్మల్లో నార పోగులు పోగులుగా కాక, అల్లిన జాలీలా పొరలుగా వస్తుంది. అంటే మగ్గం పని చెట్టే చేసిపెడుతుంది. ఆ నారను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడితే పైనున్న హెమీసెల్యులోజ్ కరిగి, రెజిన్ బాగా పట్టి, కాంపోజిట్ బలం పెరిగిందని తేలింది. చెట్టు అదే, రెజిన్ అదే, ముందు చేసిన కడుగుడులోనే తేడా.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. కిత్తనార, అరటి నార, గోగునారలతో కాంపోజిట్లు చేసే ప్రాజెక్టులు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా వస్తూనే ఉంటాయి. చాలా రిపోర్టుల్లో లాగుడు బలం పట్టిక ఉంటుంది. ఏ నెలలో చేశారు, గదిలో వేడెంత, నారను ఎంతసేపు ఎండబెట్టారు, బుడగలెంత అన్నవి ఉండవు. పోగుల వెంబడి లాగే పరీక్షలో బుడగల ప్రభావం అన్నిటికన్నా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు మోసేది పోగులే. నొక్కుడు, పొరల మధ్య కోత, కోట్లసార్లు ఊగడం, వీటిలోనే లోపం బయటపడుతుంది. లోపాన్ని దాచే పరీక్షనే ఎంచుకుని లోపం లేదనడం ఏం న్యాయం?

బుడగకన్నా భయపడాల్సింది ముడతకు. వంపు తిరిగిన మోల్డులో పదుల పొరలు పరుస్తున్నప్పుడు ఒక పొర జారినా, పంపు లాగినప్పుడు ఎక్కువైన బట్టకు పోయే చోటు లేకపోయినా లోపల అలలా లేస్తుంది. పైనుంచి చూస్తే నున్నగానే ఉంటుంది. తిన్నగా ఉన్న పోగును రెండు కొసల నుంచి నొక్కితే చుట్టూ ఉన్న రెజిన్ దాన్ని పట్టి నిలబెడుతుంది. ముందే వంకరగా ఉన్న పోగు పక్కకు ఒరుగుతుంది, పక్క పోగును తోస్తుంది, చూస్తుండగానే ఒక పట్టీ మొత్తం మడత పడిపోతుంది. 1972లో ఆర్గాన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రం చాలా సూటిగా ఉంటుంది. నొక్కుడు బలం అంటే రెజిన్ కోత బలాన్ని పోగుల వంకరతో భాగిస్తే వచ్చేది. వంకర 2 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు పోతే బలం సగమవుతుంది. రెండు డిగ్రీల తేడా కంటికి ఆనదు, చేతికి తగలదు.

గాలిమరల సంస్థ సీమెన్స్ గమేసాకు ఈ ముడతలు ఎంత ఖర్చు తెచ్చిపెట్టాయో లోకమంతా చూసింది. 2023లో మాతృసంస్థ సీమెన్స్ ఎనర్జీ, నేలమీద పెట్టే తన కొత్త మరల్లో కొన్ని రెక్కలకు ముడతలున్నాయనీ, బేరింగుల్లో రేణువులున్నాయనీ బయటపెట్టింది. వాటిని సరిచేయడానికి 160 కోట్ల యూరోలు కావాలని ఆగస్టులో అంచనా వేసింది. మరుసటి ఏడు 2024 జూలై 13న అమెరికాలోని మసాచుసెట్స్ తీరం దగ్గర, వైన్‌యార్డ్ విండ్ అనే సముద్రపు గాలిమరల క్షేత్రంలో 107 మీటర్ల రెక్క ఒకటి విరిగింది. ఫోమ్, ఫైబర్ ముక్కలు నాన్‌టకెట్ బీచుల్లోకి కొట్టుకొచ్చాయి. తయారుచేసిన జీఈ వెర్నోవా చెప్పిన కారణం డిజైన్ తప్పు అని కాదు, కెనడా కర్మాగారంలో అతుకు సరిగా పట్టలేదని. తనిఖీలో దొరకాల్సిందే దొరకలేదని కూడా ఒప్పుకుంది. అక్కడే తయారైన సుమారు 150 రెక్కల తనిఖీ రికార్డులు మళ్లీ తిరగేశారు.

దొరకకపోవడానికి ఒక కారణం పరీక్షలోనే ఉంది. రెక్క రెండు సగాలను విడివిడిగా పోసి, మధ్యలో జిగురు ముద్ద పెట్టి మూస్తారు. జిగురు అసలు లేని చోట అల్ట్రాసౌండ్ తిరిగి వస్తుంది, తెలిసిపోతుంది. జిగురు ఉండి, తాకి, పట్టుకోని చోట శబ్దం హాయిగా దాటిపోతుంది. తాకడానికీ అతుక్కోవడానికీ తేడా ఆ యంత్రానికి తెలియదు. కాబట్టి అతుకు వేసేటప్పుడు ఉపరితలం శుభ్రంగా ఉందా, తేమెంత, జిగురు కలిపి ఎన్ని నిమిషాలైంది అని రాసుకున్న కాగితమే మిగిలే ఆధారం.

తప్పు దొరికితే మరమ్మతు టవరు మీదే, తాళ్లకు వేలాడుతూ. పాడైన పొరలను వాలుగా చెక్కి, అదే కోణంలో కొత్త పొరలు వేయాలి. బరువు మోసే భాగంలో వాలు పొర మందానికి 50 రెట్ల వరకు ఉండాలంటారు. ఒక్కోటి 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న పది పొరలు పోయాయంటే, 8 మిల్లీమీటర్ల లోతు గుంతకు ప్రతి వైపునా 40 సెంటీమీటర్లు చెక్కాలి. అరచేతి వెడల్పు దెబ్బ దాదాపు మీటరు పొడవు పని అవుతుంది. కొత్తగా వేసిన ప్రతి పొరకూ షెడ్డులో ఉన్న నియమాలే వర్తిస్తాయి, కాకపోతే ఇక్కడ గోడలు లేవు, కప్పు లేదు. జూన్ నుంచి గాలి తాళ్ల మీద నిలబడనివ్వదు, పైగా మర తిరిగి సంపాదించే కాలం కూడా అదే. పని మార్చి, ఏప్రిల్, మే నెలల ఎండలో పడితే రెజిన్‌ను నీడలో ఒక్కో కప్పు చొప్పున కలిపి, చిక్కబడేలోపు పైకి అందించాలి.